అటక మీది క్యాసెట్లలో ముందు ఏవి ఎక్కించాలి?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. రాజమహేంద్రవరం దగ్గర ఒక ఊళ్లో ఉంటాం. వచ్చే వేసవిలో ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికి మారుతున్నాం. ఇబ్బందల్లా అటక మీదున్న పాటలతోనే. 140 క్యాసెట్లు, 80 దాకా సీడీలు, మా నాన్నగారి నాటి గ్రామఫోను రికార్డులు ఓ 30 ఉన్నాయి. క్యాసెట్లలో ఇరవై దాకా నాన్నగారు టూ ఇన్ వన్‌లో స్వయంగా రికార్డు చేసినవి. శ్రీరామనవమి పందిట్లో హరికథలు, విజయవాడ రేడియోలో వచ్చిన కార్యక్రమాలు, మా అమ్మ పాడిన మంగళహారతులు, అప్పగింతల పాటలు. ఒకదాంట్లో పాట మధ్యలో ఆపి "అది తిరుగుతోందా అసలు?" అని అమ్మ అడగడం కూడా ఉంది. అబ్బాయేమో "అన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి కదా నాన్నా, అవెందుకు?" అంటాడు. మా ఆవిడ ఆ అట్టపెట్టెలు కొత్తింటి గడప తొక్కడానికి వీల్లేదంటోంది. టౌన్లో ఒక షాపతను క్యాసెట్టుకు 200 చొప్పున ఎంపీ3 చేసి పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తానన్నాడు. ఇచ్చేయమంటారా? ఇంట్లో చేసుకోగలనా? కంప్యూటరు ఓ మాదిరిగా వచ్చు.

జవాబు: మాస్టారూ, ఆ ఇరవై క్యాసెట్లు మాత్రం షాపుకు ఇవ్వకండి. మిగతావన్నీ నిదానంగా తేల్చుకోవచ్చు.

లెక్క మీకు నేను చెప్పాలా! క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించడానికి దగ్గరి దారి లేదు. గంట పాటకు గంట పడుతుంది. 140 క్యాసెట్లంటే 140 గంటలు పైమాటే. రోజుకు రెండు చొప్పున కూర్చున్నా రెండు నెలలు దాటుతుంది. షాపుకిస్తే 28,000 రూపాయలు. ఈ రెండు అంకెల్లో ఏది చూసినా గుండె జారుతుంది, అందుకే చాలామంది మొదలుపెట్టిన వారానికే మానేస్తారు. మానేసేలోపు వాళ్లు ఎక్కించినవేమిటయ్యా అంటే, పైపెట్టెలో చేతికందిన సినిమా పాటలు. ఆ పాటలు ఫోన్లో ఎలాగూ ఉన్నాయి. అడుగు పెట్టెలోని అమ్మ గొంతు అక్కడే ఉండిపోతుంది.

కాబట్టి ముందు అన్నీ కిందికి దించి మూడు కుప్పలు పోయండి. ఇంకెక్కడా దొరకనివి ఒకటి. దొరుకుతాయో లేదో తెలియనివి రెండోది. ఎక్కడైనా దొరికేవి మూడోది. మీ అబ్బాయి మాట మూడో కుప్ప వరకు నిజం. పేరున్న సినిమాల పాటలు దాదాపు అన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి, పైగా అరిగిన క్యాసెట్టు కన్నా శుభ్రంగా వినిపిస్తాయి. వాటి కోసం గంటలు పోసుకోవడం దండగ. రెండో కుప్ప దగ్గర ఆయనతో ఒక పందెం వేయండి. పద్య నాటకాల క్యాసెట్లు, బుర్రకథలు, చిన్న చిన్న కంపెనీలు తెచ్చిన భక్తి పాటలు, జానపదాలు పక్కన పెట్టి ఒక్కొక్కటే ఫోన్లో వెతకమనండి. కొన్ని దొరుకుతాయి, కొన్ని దొరకవు. దొరికినా పాడినవాళ్లు వేరై ఉండొచ్చు, అదే పేరుతో కొత్తగా పాడించినది కావొచ్చు. దొరకనివి మొదటి కుప్పలో చేర్చేయండి. ఇంకో మాట కూడా ఆయన చెవిన వేయండి: ఫోన్లో నెలకింత కట్టి వినే పాట మనది కాదు, లైసెన్సు గడువు తీరితే లిస్టులోంచి మాయమవుతుంది. ప్రాణంగా చూసుకునే పాట ఏదైనా ఉంటే సొంత కాపీ ఒకటి ఉండటం మేలు.

ఇప్పుడు మొదటి కుప్ప సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను.

టేపు రికార్డరు దగ్గరికి వెళ్లకముందే ఒక పని. ప్రతి క్యాసెట్టు పై అంచున రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే రికార్డు బటన్ నొక్కుడు పడదు. ఆ ఇరవైకీ విరిచేయండి. ఇన్నేళ్ల తర్వాత టూ ఇన్ వన్ ముందు కూర్చుని, కళ్లజోడు ఎక్కడో పెట్టి, ప్లే బదులు రికార్డు నొక్కితే ఇక చేయగలిగింది లేదు.

తర్వాత టార్చి వేసి క్యాసెట్టు కిటికీలోంచి రీలు చూడండి. గోదావరి తేమలో అటక మీదున్న టేపులకు బూజు పట్టడం మామూలే. రీలు అంచుల మీద తెల్లగా పొడిలా కనిపిస్తే దాన్ని వేరే కవర్లో పెట్టేయండి. అది ఆడించారంటే బూజు హెడ్డుకు, అంటే మిషనులో టేపును చదివే ముక్కకు, అంటుకుని, అక్కణ్ణుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ ఎక్కుతుంది. వాటిని చివరికి వదిలేసి, అప్పుడు కావాలంటే తెలిసినవాళ్లకు చూపించుకోండి. బాగున్నవాటికి కూడా లోపల ఒకచోట చూడాలి. టేపును హెడ్డుకు అదిమిపెట్టే చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది, క్యాసెట్టు తెరిచిన వైపు సరిగ్గా మధ్యలో. దాని జిగురు పాతబడితే ముక్క ఊడిపోతుంది. అప్పుడు పాట మూగగా, దూరంగా వినిపిస్తుంది. చాలామంది టేపు పోయిందనుకుంటారు. టేపు భేషుగ్గా ఉంటుంది. స్క్రూలతో బిగించిన వేరే క్యాసెట్టు విప్పి, రెండు రీళ్లనూ ఆ డొల్లలోకి మార్చి బిగిస్తే సరి. చేయి వణకకుండా ఉండాలంతే. మీరు వద్దనుకుంటే మనవడో మనవరాలో ఉంటే వాళ్లకివ్వండి, సరదాగా చేస్తారు.

నాన్నగారు వాడినవాటిలో 90 నిమిషాలవి ఉంటే వాటిని మరీ జాగ్రత్తగా చూసుకోండి. 60 నిమిషాల క్యాసెట్టు కన్నా వాటి టేపు పల్చన, చిక్కుకుంటే సాగిపోతుంది. ఏళ్ల తరబడి కదలని టేపు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి, ప్లే చేయబోయే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి చుట్టండి. మిషను మీద నమ్మకం లేకపోతే పెన్సిలు పెట్టి చేత్తో తిప్పండి, ఆ విద్య మీ తరానికి నేను నేర్పనక్కర్లేదు.

మిషను విషయం. ఆన్‌లైన్లో క్యాసెట్టు నుంచి నేరుగా కంప్యూటర్లోకి పంపే చిన్న వాక్‌మన్‌లాంటి డబ్బాలు చవగ్గా దొరుకుతున్నాయి. కొనకండి. వాటిలో టేపు ఒకే వేగంతో తిరగదు, పాట అలల మీద పడవలా ఊగుతుంది. చుట్టాల్లో ఎవరింట్లోనో పనిచేసే పాత క్యాసెట్ డెక్కు గానీ మంచి టూ ఇన్ వన్ గానీ ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. రబ్బరు బెల్టు సాగి ఉంటే రేడియో రిపేరు చేసేవాళ్లతో మార్పించండి. హెడ్డును దూదిపుల్లతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. దూది గోధుమరంగుకు తిరుగుతుంది, తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. ఆ తర్వాతే మొదటి క్యాసెట్టు పెట్టాలి.

డెక్కుకు లైన్ అవుట్ (పాటను బయటికి పంపే రంధ్రం) ఉంటే దాన్నుంచి, లేకపోతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసుకుని కంప్యూటరుకు కలపాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇప్పటి ల్యాప్‌టాపులకు ఒకటే రంధ్రం ఉంటుంది. దాంట్లో లోపలికి వెళ్లే దారి మైకు కోసం పెట్టింది, అది రెండు స్పీకర్ల పాటను ఒకటిగా కలిపేసి, పైగా గరగరలాడిస్తుంది. లైన్ ఇన్ (బయటి మిషను పాటను లోపలికి తీసుకునే రంధ్రం) ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండు కార్డు ఒకటి కొనండి. కొనేముందు అది స్టీరియో లైన్ ఇన్ అని రాసి ఉందో లేదో చూడండి, మైకు ఇన్ అని ఉంటే వదిలేయండి. రికార్డు చేసేటప్పుడు "హూం" అని రొద వస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అంతటితో పోతుంది.

కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. ఉచితం. దాంట్లో శబ్దం ఎంత ఎత్తుకు వెళ్తోందో చూపే పట్టీ ఉంటుంది. ఎంత గట్టిగా ఉన్నచోటైనా అది మైనస్ 6 దగ్గర ఆగేలా వాల్యూము పెట్టుకోండి. సున్నా తాకితే గొంతు పగిలినట్టు రికార్డవుతుంది, దాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. హరికథల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. దాసుగారు మెల్లగా కథ చెబుతూ చెబుతూ ఒక్కసారిగా చిడతలు మోగించి ఎత్తుకుంటారు. కథ చెప్పేచోటు చూసి వాల్యూము పెడితే చిడతలు మోగేచోట దొరికిపోతారు. ముందు క్యాసెట్టులో ఆర్భాటం ఎక్కువున్న భాగం వెతికి, దాన్ని బట్టి పెట్టుకోండి. సైడు మొత్తం ఒకే బిగిని రికార్డు చేయండి. పాటపాటకూ ఆపి ముక్కలు చేయడం తర్వాతి పని.

హెడ్డు పక్కన ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. అది హెడ్డు వాలును సరిచేసేది. నాన్నగారి మిషనులో హెడ్డు ఎంత వాలుగా ఉందో ఆ క్యాసెట్లలో పాట అంతే వాలుగా పడి ఉంటుంది. వేరే మిషనులో పెడితే దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. పాట తిరుగుతుండగా చిన్న స్క్రూడ్రైవరుతో ఆ స్క్రూను వెంట్రుకవాసి అటూఇటూ తిప్పండి. తాళాలు, "స"కారాలు ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే అక్కడ వదిలేయండి. ఇది షాపులో ఎవరూ చేయరు, అందుకే మీ ఇరవై వాళ్లకు ఇవ్వొద్దన్నది. ఒకవేళ నాన్నగారి పాత టూ ఇన్ వన్నే బాగుచేయిస్తే ఈ గొడవ సగం తీరుతుంది.

పందిట్లో రికార్డు చేసినవాటిలో ఇంకో చిత్రం ఎదురవ్వచ్చు. కరెంటు లేక బ్యాటరీలతో నడిపి ఉంటే, కథ సాగేకొద్దీ బ్యాటరీలు నీరసించి టేపు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. ఇప్పుడు మామూలు వేగంతో ఆడిస్తే దాసుగారి గొంతు పోనుపోను సన్నబడి, చివరికి చిన్నపిల్లాడు పాడినట్టవుతుంది. కంగారుపడకండి. ఆడాసిటీలో వేగం మార్చే సదుపాయం ఉంది. హార్మోనియం శ్రుతి మొదట్లో ఎక్కడుందో చూసుకుని, చివరి భాగాన్ని దానికి తగ్గట్టు కిందికి దించవచ్చు. అయితే ఇది కాపీ మీద చేయండి. మొదట రికార్డు చేసిన ఫైలు మీద ఏ మార్పూ వద్దు.

గరగర తీసేయడానికీ ఇదే నియమం. నాయిస్ రిడక్షన్ కాస్త వాడితే బాగుంటుంది, ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. మీ అమ్మగారి పాటల విషయంలో నా సలహా, అసలు ముట్టుకోకండి. వెనకాల గిన్నెల చప్పుడు, ఫ్యాను తిరగడం, ఎవరో దగ్గడం తీసేస్తే మిగిలేది స్టూడియో పాట. "అది తిరుగుతోందా అసలు?" అన్న మాటను కత్తిరించి పాటను శుభ్రం చేయమని ఎవరైనా అంటే వినకండి.

దాచే ఫైలు ఎంపీ3 కాకూడదు. ఎంపీ3 సైజు తగ్గించడానికి కొంత శబ్దాన్ని పారేస్తుంది, పారేసింది మళ్లీ రాదు. ఫ్లాక్ అని ఒక రకం ఉంది, 2001 నుంచి వాడుకలో ఉంది. ఏమీ పారేయకుండానే సైజును దాదాపు సగానికి తగ్గిస్తుంది. గంట స్టీరియో పాట సీడీ నాణ్యతతో అలాగే ఉంచితే సుమారు 635 ఎంబీ, ఫ్లాక్‌లో సుమారు 350. ఆ లెక్కన మీ 140 క్యాసెట్లూ ఎక్కించినా 50 జీబీ. ఇవాళ వేలిగోరంత మెమరీ కార్డులో పడుతుంది, కాబట్టి చోటు కోసం ఎంపీ3 చేయడంలో అర్థం లేదు. దాచుకోవడానికి ఫ్లాక్, వాట్సాప్‌లో చెల్లెళ్లకు పంపడానికీ కారులో వినడానికీ ఎంపీ3. ఫ్లాక్ నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీ3ని తెచ్చి ఫ్లాక్ చేస్తే సైజు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇంతవరకు చెప్పినదంతా ఒక ఎత్తు, పేర్లు పెట్టడం ఒక ఎత్తు. పెన్‌డ్రైవులో "ట్రాక్ 01, ట్రాక్ 02" అని ఇరవై గంటలు ఉంటే ఎవరూ వినరు. ఏ ఏడాది పందిరి, ఏ దాసుగారు, హార్మోనియం ఎవరు, అమ్మతో పాటు గొంతు కలిపినది పెద్దత్తయ్యా పక్కింటావిడా, ఇవి చెప్పగలిగేవాళ్లు మీ ఇంట్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి. అట్ట మీద నాన్నగారి చేతిరాత ఉంటే రెండు వైపులా ఫోనుతో ఫొటో తీసి అదే ఫోల్డర్లో పడేయండి. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత సందర్భం, ఆ తర్వాత మనిషి, చివర సైడు రాయండి. "1986 శ్రీరామనవమి హరికథ ఏ సైడు" అన్నట్టు. ఏడాది ముందుంటే కంప్యూటరు దానంతటదే వరుసగా పేరుస్తుంది. మీ అక్కచెల్లెళ్లకు ఫోన్ చేసి స్పీకర్లో వినిపించండి, ఆ గొంతు ఎవరిదో వాళ్లు ఇట్టే చెప్పేస్తారు. చెప్పింది అప్పటికప్పుడే రాసుకోండి.

సినిమా పాటల ఫైళ్లకైతే ఎంపీ3 ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆల్బం అన్నచోట సినిమా పేరు రాయండి, మనం వెతికేది సినిమా పేరుతోనే కదా. గాయకుడి పేరు ఒకే రకంగా రాయడం ముఖ్యం. ఇంగ్లీషు అక్షరాల్లో ఘంటసాల పేరే మూడు నాలుగు రకాలుగా రాస్తారు, ఎన్ని రకాలుగా రాస్తే ఫోను అంతమంది గాయకుల్ని చూపిస్తుంది. తెలుగులో రాస్తే కంప్యూటరుకూ ఫోనుకూ ఇబ్బంది లేదు, కానీ చాలా కార్ల స్టీరియోల్లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. కారు పెన్‌డ్రైవు కోసం వేరే కాపీ చేసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. ఆ పెన్‌డ్రైవును ఫ్యాట్ 32లో ఫార్మాట్ చేయండి, పాత స్టీరియోలు వేరేది చదవవు.

సీడీల పని దీనితో పోలిస్తే విశ్రాంతి. ఒక్కోటి పది నిమిషాల్లోపే అయిపోతుంది. బయట తగిలించే డీవీడీ డ్రైవు కొనుక్కుని, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఫ్లాక్‌లోకి తీసుకోండి. గీతపడ్డచోట అది మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటుంది. సీడీల్లో ముందు చేయాల్సినవి ఇంట్లోనో ఇంటర్నెట్ సెంటర్లోనో రాయించుకున్నవి. కొన్న సీడీ కన్నా అవి త్వరగా పాడవుతాయి, వాటిలో పాట నిలిచేది ఒక రంగు పూత మీద, ఎండకూ వేడికీ ఆ పూత చెడిపోతుంది. యాభై పాటలున్న ఎంపీ3 సీడీలైతే ఫైళ్లను అలాగే కాపీ చేసుకోవడమే. ఇంకొకటి, మెరిసే వైపు గీతల కన్నా పేరు రాసి ఉన్న వైపు గీతలు ప్రమాదం. పాట ఉన్న పొర ఆ వైపే, పైనున్న పూతకు ఆనుకుని ఉంటుంది. తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి.

గ్రామఫోను రికార్డులు ఇప్పుడు ముట్టుకోకండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులకు సూది వేరు, 33 తిరిగే ఎల్పీలకు సూది వేరు. ఎల్పీ సూదితో 78 రికార్డు ఆడిస్తే పాటా దక్కదు, సూదీ దక్కదు. అటక వేడికి ఎల్పీలు వంకర్లు పోతాయి కాబట్టి ముందు వాటిని కిందికి దించి, పుస్తకాల్లా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. ముప్పై రికార్డులు బీరువాలో ఒక మూల సరిపోతాయి. ఆ మాత్రం చోటు మీ ఆవిడ ఇస్తారనే అనుకుంటున్నాను.

ఎక్కించిన ఫైళ్లు ఒక్క పెన్‌డ్రైవులో ఉంచి నిశ్చింతగా ఉండొద్దు. కంప్యూటర్లో ఒకటి, బయట హార్డ్ డిస్కులో ఒకటి, వేరే ఊళ్లో ఒకటి. ఆ వేరే ఊరు చెల్లెలి ఇల్లైనా కావొచ్చు, గూగుల్ డ్రైవైనా కావొచ్చు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ ఇరవై క్యాసెట్లు ఫ్లాక్‌లో కూడా పడతాయి. ఏడాదికోసారి తెరిచి ఒకటి రెండు విని చూడండి.

ఇంట్లో వినడానికి కాపీ చేసుకుంటే చట్టం మిమ్మల్ని ఏమీ అనదు, మన కాపీరైట్ చట్టంలో సొంత వాడుకకు మినహాయింపు ఉంది. యూట్యూబులో పెట్టడం వేరే సంగతి. సౌండు రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కథకుడి పేరు తెలిస్తే హరికథలు పెట్టే ముందు ఆయన కుటుంబాన్ని అడగండి. బహుశా వాళ్ల దగ్గర ఆ గొంతు ఉండకపోవచ్చు, సంతోషిస్తారు కూడా.

ఇక షాపు. రెండో కుప్పలో మీకు ఓపిక లేనివి ఇవ్వొచ్చు. ముందు ఒక్కటే ఇచ్చి చూడండి. ఫ్లాక్ గానీ, అసలు సైజే తగ్గించని వేవ్ ఫైలు గానీ కావాలని, రెండు సైడులూ పూర్తిగా కావాలని చెప్పండి. తెచ్చాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండు చెవుల్లోనూ వేర్వేరుగా వినిపిస్తోందా చూడండి. కొన్న స్టీరియో క్యాసెట్టు రెండు చెవుల్లోనూ అచ్చం ఒకేలా వస్తే ఆ షాపతనూ మైకు రంధ్రంలోనే పెట్టాడన్నమాట. అలాంటివాడికి ఇంకోటి ఇవ్వకండి.

మూడో కుప్ప ఎవరికైనా ఇచ్చేయండి, పాత వస్తువులు కొనేవాళ్లు తీసుకుంటారు, ఆవిడ పేచీ కూడా తీరుతుంది. ఆ కుప్పలో స్క్రూలతో బిగించిన క్యాసెట్లు మాత్రం నాలుగైదు తీసి పక్కన పెట్టండి, డొల్లలు మార్చడానికి కావాలి. నాన్నగారివి ఇరవయ్యీ, ఎక్కించాక కూడా, పారేయొద్దు. ఒక డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి మీతో హైదరాబాదు తీసుకెళ్లండి. చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్దది చాలు.